ముఖం మీద నూనె గానుగలు

వీడియో మీటింగులు వచ్చాక మన మొహం మనకి రోజుకి ఐదారు గంటలు కనబడుతోంది. అంతకుముందు పొద్దున్న గడ్డం గీసుకునేటప్పుడు ఐదు నిమిషాలు చూసుకుంటే గొప్ప. రెండేళ్ళ క్రితం ఇలాంటి మీటింగు ఒకదానిలో, క్లయింటు ఏదో సర్వర్ల మార్పిడి గురించి గంటసేపు మాట్లాడుతుంటే, నేను తెర మూలన ఉన్న నా బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. ఎడమ కనుబొమకి కాస్త పైన ఒక పొక్కు. ఆవగింజ కంటే పెద్దది, పెసరగింజ కంటే చిన్నది. లేత పసుపు రంగు, మధ్యలో సూది మొనతో నొక్కినట్టు చిన్న గుంట. మొటిమ అనుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళకి మొటిమలేమిటని మా ఆవిడ నవ్వింది. నెల తిరిగినా అది తగ్గలేదు, గిల్లితే ఏమీ రాలేదు. పైగా పక్కన ఇంకోటి మొదలయింది.

మా అపార్టుమెంట్లలోనే ఉండే మిత్రుడొకాయన దీనికి మందు తన దగ్గరుందన్నాడు. మందంటే మందు కాదు, ఇంటర్నెట్లో నలభై డాలర్లు పెట్టి కొన్న కరెంటు పెన్ను. దాని మొన దగ్గర చిన్న నిప్పురవ్వ పుడుతుంది, దాంతో పొక్కుని కాల్చేసుకోవడమే. ఆయన తన బుగ్గ మీద మూడు కాల్చుకున్నాడట. మూడూ పోయాయి, నిజమే. కానీ వాటి స్థానంలో రెండు తెల్లటి మచ్చలు మిగిలాయి, చామనఛాయ బుగ్గ మీద సున్నపు బొట్టు పడ్డట్టు. మూడోది ఆరు నెలలకి మళ్ళీ లేచింది. "అయినా పది నిమిషాల పని గురూ," అన్నాడు. నేను డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకున్నాను.

ఎప్పుడూ డేటాబేసుల గురించీ, ఫోన్ల గురించీ రాసే ఈ శీర్షికలో మొహం మీద పొక్కుల గోలేమిటని మీరనుకోవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఈ పొక్కుని తీసెయ్యడం వెనక నేననుకున్నదానికంటే చాలా టెక్నాలజీ ఉంది, అందులో ఒక భారతీయుడి చెయ్యి కూడా ఉంది. రెండోది కాకినాడలో మా మామగారి కంటికి సంబంధించింది, దాని దగ్గరికి చివర్లో వస్తాను. నేను డాక్టరుని కాను, కంప్యూటరు వాణ్ణి. ఇది చదివి ఎవరూ ఎవరికీ వైద్యం చెయ్యకండి.

స్కూల్లో మనం చదువుకున్న చర్మవసా గ్రంథులు గుర్తున్నాయా? స్వేద గ్రంథుల పక్కన బొమ్మ వేసి ఒక గీత గీసి పేరు రాసేవాళ్ళం, రెండు మార్కులు. అరచేతుల్లోనూ అరికాళ్ళలోనూ తప్ప ఒంటి మీద దాదాపు అంతటా ఉంటాయి. ముఖమ్మీదా మాడు మీదా మరీ దట్టం, చదరపు సెంటీమీటరుకి నాలుగు వందల నుంచి తొమ్మిది వందల దాకా. ఎక్కువ భాగం వెంట్రుక కుదురుని ఆనుకునే ఉంటాయి. ఇవి తయారుచేసే నూనె పేరు సీబం. జిడ్డు అని మనం రోజూ సబ్బుతో కడుక్కునేది ఇదే.

స్కూల్లో చెప్పని విశేషం ఒకటుంది. చెమట గ్రంథిలో కణాలు చెమటని బయటికి పంపిస్తాయి, తాము మాత్రం అక్కడే ఉంటాయి. నూనె గ్రంథిలో అలా కాదు. గ్రంథి అంచున పుట్టిన కణం నూనెని తనలో నింపుకుంటూ, ఉబ్బుతూ, మధ్యకి జరుగుతూ వస్తుంది. చివరికి పగిలిపోతుంది. ఆ పగిలిన కణమే సీబం. గానుగలో నువ్వులు నలిగితేనే నూనె వచ్చినట్టు, ఇక్కడ కణం చస్తేనే నూనె. ఈ గానుగని తిప్పే ఎద్దు ఆండ్రోజెన్ హార్మోన్లు. అవి ఆడవాళ్ళలోనూ ఉంటాయి. అందుకే పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో మొహం జిడ్డోడుతుంది, మొటిమలు వస్తాయి. వయసు మీద పడేకొద్దీ హార్మోను తగ్గి ఎద్దు నెమ్మదిస్తుంది. గింజలు మాత్రం గానుగలో పడుతూనే ఉంటాయి. పగలవలసిన కణాలు పగలక గ్రంథిలో గుమిగూడతాయి, గ్రంథి ఉబ్బి చర్మం పైకి కనబడుతుంది. మధ్యలో ఉన్న ఆ గుంట నూనె బయటికొచ్చే దారి.

నాది అదేనని డాక్టరుగారు రెండు నిమిషాల్లో తేల్చేశారు. సెబేషియస్ హైపర్‌ప్లేసియా. నడివయసు దాటినవాళ్ళలో ఎక్కువ, కొందరికి ముందే వస్తుంది. మూత్రపిండమో మరొకటో మార్పిడి చేయించుకుని సైక్లోస్పోరిన్ వాడేవాళ్ళలో మరీ ఎక్కువ. ప్రమాదం లేదు, కేన్సరుగా మారదు.

"మరి బేసల్ సెల్ కేన్సరు కూడా మొదట్లో ఇలాగే ఉంటుందట కదా?" అని అడిగాను. ఇంటర్నెట్లో చదివిన రోగి ప్రతివాడూ ఇదే అడుగుతాడేమో, ఆవిడ విసుక్కోకుండా తన చేతిలో ఉన్న డెర్మాస్కోపుని చూపించారు. అది దీపం బిగించిన భూతద్దం. అంతే కాదు, దానిలో ధ్రువీకరణ పలకలుంటాయి. చర్మం పైపొర మీద పడి మెరిసే కాంతిని అవి ఆపేస్తాయి, లోపలికి వెళ్ళి తిరిగొచ్చిన కాంతినే కంటికి చేరనిస్తాయి. చెరువు నీళ్ళ మీద తళతళని ఆపే కళ్ళజోడు పెట్టుకుంటే అడుగున చేప కనబడినట్టు. దానిలోంచి చూస్తే నా పొక్కు అంచున సన్నటి రక్తనాళాలు కిరీటంలా ఉన్నాయి, మధ్యలోకి రాకుండా ఆగిపోయాయి. బేసల్ సెల్ కేన్సరులో అయితే నాళాలు చెట్టుకొమ్మల్లా చీలుతూ గడ్డ మీదుగా అడ్డంగా పోతాయి. పాతికేళ్ళ అనుభవం ఉన్న కన్నుకి ఆ తేడా చాలు. అనుమానం ఉంటే చిన్న ముక్క కోసి మైక్రోస్కోపు కిందికి పంపిస్తారు. నా మిత్రుడి పెన్నుకి లేనిది ఇదే. కాల్చేశాక పరీక్షకి పంపడానికి ఏం మిగులుతుంది? పుట్టుమచ్చలు ఇంట్లో తీసేసుకోమని అమ్మే మందుల్లో అమెరికా ఎఫ్.డి.ఎ. ఆమోదం ఉన్నది ఒక్కటి కూడా లేదని కూడా ఆవిడే చెప్పారు.

తర్వాత అసలు ప్రశ్న వేశారు. తీయించుకుంటారా? తీయించుకుంటే ఇన్సూరెన్సు ఇవ్వదు, అందం కోసం కింద లెక్క.

తీయడం అంటే కత్తితో కొయ్యడం కాదు. గ్రంథి చర్మంలో అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు పైచిలుకు లోతున ఉంటుంది. పైపైన కాలిస్తే మొదలు మిగిలి మళ్ళీ లేస్తుంది. లోతుగా కాలిస్తే పైన గుంటో మచ్చో మిగులుతుంది. ఈ రంగంలో ఉన్న ఇబ్బందంతా ఈ రెండు వాక్యాలే. కరెంటు సూదితో మాడ్చడం, సున్నాకి 196 డిగ్రీలు దిగువనున్న ద్రవ నైట్రోజనుతో గడ్డ కట్టించడం, ఆమ్లం పూయడం, అన్నీ ఈ ఇరుకులో నడిచేవే. మనలాంటి గోధుమరంగు చర్మానికి ఇంకో తంటా: గాయం మానిన చోట రంగు పోవచ్చు, లేదా మరీ నల్లబడవచ్చు. ద్రవ నైట్రోజను రంగునిచ్చే కణాలని సులువుగా చంపేస్తుంది. అందుకే మన చర్మం చూసి కూడా నేరుగా నైట్రోజను డబ్బా అందుకునే డాక్టరుని ఒకసారి ఆపి అడగడం మంచిది.

లేజర్లలో పాతకాపు కార్బన్ డయాక్సైడు లేజరు. దాన్ని 1964లో న్యూజెర్సీలో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టినాయన కుమార్ పటేల్. మహారాష్ట్రలో బారామతిలో పుట్టి, పూనాలో ఇంజనీరింగు చదివి, స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు చేసి వచ్చాడు. 1996లో అమెరికా ప్రభుత్వం ఆయనకి నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ ఇచ్చింది. బెల్ ల్యాబ్స్ పేరు చెబితే మనవాళ్ళకి యూనిక్స్, సి భాష గుర్తొస్తాయి గానీ, ఫ్యాక్టరీల్లో ఇనుప రేకులు కోసే లేజరూ ఆపరేషను గదిలో చర్మం కోసే లేజరూ కూడా అక్కడివే. ఈ లేజరు కాంతి తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. కంటికి కనబడదు. నీళ్ళు దీన్ని గుటకాయస్వాహా చేసేస్తాయి. మన చర్మం ఎక్కువగా నీళ్ళే కాబట్టి కాంతి తగిలిన పొర తగిలినట్టే ఆవిరైపోతుంది. పొక్కుని పొర పొరగా చెక్కడానికి బాగుంటుంది. కానీ నీళ్ళు ఎక్కడ లేవు? గ్రంథికీ దాని చుట్టూ ఉన్న మంచి చర్మానికీ ఈ లేజరు తేడా చూపించదు. చేతి నేర్పే దిక్కు.

తేడా చూపించే లేజరు కావాలంటే ఏం చెయ్యాలో 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే బోస్టన్ పరిశోధకులిద్దరు సైన్స్ పత్రికలో రాశారు. వాళ్ళు చెప్పినది చాలా చిన్న మాట. మన గురి మిగతావాటికంటే ఎక్కువగా పీల్చుకునే రంగు కాంతిని ఎంచుకోండి. ఆ వేడి పక్కకి పాకేలోపల కాంతిని ఆపెయ్యండి. మైక్రోవేవులో అన్నం పెడితే అన్నం పొగలు కక్కుతుంది, పింగాణీ ప్లేటు చల్లగానే ఉంటుంది. అదే మరీ ఎక్కువసేపు పెడితే అన్నం వేడి పాకి ప్లేటు కూడా చెయ్యి కాలుస్తుంది. రెండూ ఇందులోనే ఉన్నాయి. ఈ సూత్రం మీదే తర్వాత పుట్టుమచ్చల లేజర్లూ, పచ్చబొట్లు చెరిపేవీ, అవాంఛిత రోమాలు తీసేవీ వచ్చాయి.

వెంట్రుకల లేజరుకి గురి మెలనిన్ అనే నలుపు. తెల్లవాళ్ళ చర్మంలో నల్లగా ఉండేది వెంట్రుక ఒక్కటే కాబట్టి గురి తప్పదు. మనకి చర్మంలోనే మెలనిన్ ఉంది కదా, కాంతిలో కొంత పైనే ఆగిపోయి అక్కడ కాలుస్తుంది. చర్మాన్ని ఎండకి కందే తీరుని బట్టి విభజించిన ఫిట్జ్‌పాట్రిక్ అనే హార్వర్డ్ డాక్టరు 1975లో మొదట తెల్ల చర్మానికి మాత్రమే తరగతులు రాశాడు. గోధుమరంగుకీ నలుపుకీ ఐదు, ఆరు తరగతులు తర్వాత కలిపారు. మా భాషలో చెప్పాలంటే మనం ఒరిజినల్ రిలీజులో లేము, ప్యాచ్‌లో వచ్చాం.

నూనె గ్రంథి విషయంలో గురి నూనె. నూనెకి నలుపూ లేదు, ఎరుపూ లేదు. మరి ఏ రంగు కాంతికి దొరుకుతుంది? కంటికి కనబడే రంగుల్లో లేదు, ఇన్‌ఫ్రారెడ్‌లో వెతకాలి. అక్కడికెళితే నీళ్ళు ప్రతిచోటా అడ్డమే. కానీ నూనె అణువుల్లో కార్బన్, హైడ్రోజన్ బంధాలు బారులు తీరి ఉంటాయి. అవి ఊగే లయకి సరిపడిన తరంగదైర్ఘ్యం దగ్గర నూనె నీళ్ళకంటే కాస్త ఎక్కువ పీల్చుకుంటుంది. కాస్తే, పెద్ద తేడా కాదు. అలాంటి చోట్లలో ఒకటి 1720 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంది. దాన్ని మాంసం మీద పరీక్షించి చూడాలంటే ఏ తరంగదైర్ఘ్యానికి కావాలంటే ఆ తరంగదైర్ఘ్యానికి తిప్పుకోగల లేజరు ఉండాలి, పాత రేడియోలో మీట తిప్పుతూ విజయవాడ స్టేషను పట్టుకున్నట్టు. అలాంటిది వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్‌లో జెఫర్సన్ ల్యాబ్‌లో ఉండేది. ఫ్రీ ఎలక్ట్రాన్ లేజరు. అణు భౌతికశాస్త్రం కోసం కట్టిన ప్రయోగశాలలో ఒక భవనమంత యంత్రం. ఆండర్సన్ బృందం దాని ముందు కొవ్వు ముక్కలు పెట్టి మీట తిప్పుతూ కొలిచి 2006లో ఫలితాలు ప్రచురించింది. 2012లో అదే యంత్రంతో నూనె గ్రంథుల మీద ప్రయోగం వచ్చింది. పదేళ్ళ తర్వాత, 2022 మార్చిలో, 1726 నానోమీటర్ల లేజరుకి మొటిమల చికిత్స కోసం ఎఫ్.డి.ఎ. అనుమతి ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో రెండో కంపెనీ యంత్రానికి కూడా వచ్చింది. భవనమంత యంత్రం ఫ్రిజ్జంత అయింది.

నాకు ఇందులో నచ్చినదేమిటంటే, 1726 దగ్గర మెలనిన్ దాదాపు పట్టించుకోదు. చామనఛాయైనా నలుపైనా కాంతి పైపొరని దాటి కిందికి పోతుంది. పైన చర్మాన్ని చల్లబరుస్తూ, లోపల గ్రంథిని వేడెక్కిస్తారు. నెలకొకటి చొప్పున మూడు సిట్టింగులు. మొటిమలు వెంటనే పోవు, నెలల తరబడి తగ్గుతూ వస్తాయి. ఖర్చు మాత్రం వేల డాలర్లలో ఉంటుంది, ఇన్సూరెన్సు సాధారణంగా ఇవ్వదు. పైగా అనుమతి మొటిమలకే గాని నా నుదుటి పొక్కు లాంటివాటికి కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, 2022లో వచ్చిన యంత్రానికి పాతికేళ్ళ అనుభవం ఎక్కడినుంచి వస్తుంది? మా అన్నయ్య కూతురుకి మొటిమలు ఎక్కువై డాక్టరు సలహా ఇస్తే ఆలోచిస్తాం గాని, పెళ్ళికి ముందు మొహం మెరవాలని వెళ్ళే యంత్రం కాదిది. నూనె పూర్తిగా పోవాలని కోరుకోవడం కూడా తెలివితక్కువే. ఈ గ్రంథులు సరిగా ఎదగకుండా పుట్టే ఒక జాతి ఎలుకలున్నాయి. వాటి వెంట్రుకలు రాలిపోతాయి, కుదుళ్ళు మచ్చకట్టుకుపోతాయి.

లేజరు కంటే ముందునుంచీ, లేజరు కంటే గట్టిగా ఈ గ్రంథుల్ని అణిచే మందొకటుంది. ఐసోట్రెటినోయిన్. విటమిన్ ఎ కుటుంబంలోది. అమెరికాలో 1982లో అక్యుటేన్ పేరుతో అనుమతి వచ్చింది. ఆ పేరుతో అమ్మడం 2009లో ఆపేశారు గాని ఇతర కంపెనీల గుళికలు దొరుకుతున్నాయి. ఇది మింగితే గ్రంథులు ఎండిన ద్రాక్షల్లా ముడుచుకుపోతాయి. తీవ్రమైన మొటిమలకి దీనంత మందు ఇంకోటి లేదు. నా పొక్కుల్లాంటివి కూడా తగ్గుతాయి, కానీ మందు ఆపితే మళ్ళీ వస్తాయి.

ఈ మందు వాడుతూ గర్భం వస్తే బిడ్డకి మెదడులో, గుండెలో, ముఖంలో ఘోరమైన లోపాలు వస్తాయి. అందుకే అమెరికాలో 2006 నుంచి ఐప్లెడ్జ్ అనే కంప్యూటరు వ్యవస్థ పెట్టారు. డాక్టరు, రోగి, మందులషాపు ముగ్గురూ దానిలో నమోదు కావాలి. గర్భం రాగల వయసు స్త్రీ అయితే నెలనెలా పరీక్ష జరగాలి, పరీక్షయిన ఏడు రోజుల్లో మందు తీసుకోవాలి. ఇంతవరకూ బాగుంది. 2021 డిసెంబరు 13న ఆ వ్యవస్థని కొత్త వెబ్‌సైటుకి మార్చారు. పాతది ఆపారు, కొత్తది తెరిచారు, అంతే. లాగిన్‌లు పని చెయ్యలేదు. ఫోను చేస్తే గంటలకొద్దీ ఎవరూ ఎత్తలేదు. షాపువాళ్ళకి అంతకుముందున్న దారి కూడా మూసేశారు కాబట్టి మందు ఇవ్వడానికి వీల్లేకపోయింది. ఏడు రోజుల గడువు మాత్రం గడుస్తూనే ఉంది. దేశమంతా రోగులు మందు మధ్యలో ఆపుకుని కూర్చున్నారు. చర్మవైద్యుల సంఘం గగ్గోలు పెట్టింది, చివరికి ఎఫ్.డి.ఎ. కూడా బహిరంగంగా మాట్లాడవలసి వచ్చింది. ఇలాంటి మార్పిళ్ళు చేసి పొట్టపోసుకునేవాణ్ణి కనక చెబుతున్నాను, పాత దారి ఒక నెలైనా తెరిచి ఉంచకుండా ఒక్క రాత్రిలో దూకడం మా వృత్తిలో మొదటి పాపం. మా వెబ్‌సైటు పడిపోతే ఎవరికో బిల్లు ఆలస్యమవుతుంది. ఇది పడిపోతే పద్దెనిమిదేళ్ళ పిల్లకి నాలుగు నెలల చికిత్స మధ్యలో ఆగుతుంది.

అంత తలనొప్పి ఎందుకని కొందరు మనవాళ్ళు ఇండియా వెళ్ళినప్పుడు ఈ గుళికలు ఆరు నెలలకి సరిపడా సూట్‌కేసులో తెచ్చుకుంటారు. ఆవకాయ సీసా పక్కనే. చెల్లెలికో మరదలికో పంచిపెట్టినవాళ్ళని కూడా చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆ వెబ్‌సైటు చెత్తగా ఉన్నా, అది అడిగే ప్రశ్న మంచి ప్రశ్న.

ఇక సెబేషియస్ సిస్టు. ఎమ్మెస్ చదివే రోజుల్లో నా రూమ్మేటుకి వీపు మీద ఉసిరికాయంత గడ్డ ఉండేది. యూనివర్సిటీ ఇన్సూరెన్సు మీద నమ్మకం లేక మేమే సూది కాల్చి గుచ్చి పిండాం. వాసన గురించి చెప్పను. రెండు నెలలకి మళ్ళీ ఉసిరికాయ. మూడోసారి చీము పట్టి జ్వరం వచ్చాక సర్జను దగ్గరికి వెళ్ళాడు. ఆయన ముందు చీము తీసి, వాపు తగ్గాక మళ్ళీ రమ్మని, చిన్న గాటు పెట్టి లోపలున్న సంచిని సంచిలాగే లాగేశాడు. ఇప్పటిదాకా రాలేదు. ఆ సంచి మిగిలినంతకాలం ఎంత పిండినా లాభం లేదు. అసలు సంగతేమిటంటే అది నూనె గ్రంథిదే కాదు. వెంట్రుక కుదురు పైభాగం నుంచి పుడుతుంది, లోపలుండేది నూనె కాదు, చర్మం పొట్టు. ఎపిడెర్మాయిడ్ సిస్టు అనాలి. పేరు తప్పని డాక్టర్లందరికీ తెలుసు, అయినా వాడుతూనే ఉంటారు. అమెరికా ఆసుపత్రుల బిల్లులకి 2015 అక్టోబరు నుంచి వాడుతున్న కోడుల పుస్తకంలో కూడా ఎల్72.0 అంటే ఎపిడెర్మల్ సిస్టు, ఎల్72.3 అంటే సెబేషియస్ సిస్టు, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఎవరో ఎప్పుడో తప్పు పేరు పెట్టిన వేరియబుల్‌ని తియ్యడానికి భయపడి అలాగే వదిలేసే ప్రోగ్రాములు నేను చాలా చూశాను.

కాకినాడ సంగతి చెబుతానన్నాను. కనురెప్పల అంచున కూడా ఈ నూనె గ్రంథులే ఉంటాయి. 1666లో వాటిని వర్ణించిన జర్మన్ వైద్యుడు హైన్రిచ్ మైబోమ్ పేరు మీద వాటిని మైబోమియన్ గ్రంథులంటారు. పై రెప్పలో పాతిక నుంచి నలభై, కింది రెప్పలో ఇంకాస్త తక్కువ. రెప్ప వేసినప్పుడల్లా కన్నీటి పొర మీద సన్నటి నూనె పూత పూస్తాయి, నీరు ఎండిపోకుండా. మనం కంప్యూటరు ముందు కూర్చుంటే రెప్పలు వెయ్యడమే మరిచిపోతాం, కళ్ళు మండేది అందుకే. ఈ గ్రంథుల్లో ఒకటి పూడుకుపోతే రెప్పలో నొప్పి లేని గడ్డ వస్తుంది. కెలేజియన్ అంటారు. వేడి గుడ్డతో కాపడం పెడితే చాలావరకు పోతుంది. పోకపోతే రెప్ప తిప్పి లోపలివైపు గాటు పెట్టి గోకేస్తారు, పావుగంట పని.

మా మామగారు రిటైరైన లెక్కల మాస్టారు, అరవై ఏడేళ్ళు. కుడికంటి పై రెప్పలో గడ్డ వస్తే అక్కడే ఒక క్లినిక్కులో గోకించుకున్నారు. ఐదు నెలలకి అదే చోట మళ్ళీ వచ్చింది. మళ్ళీ గోకారు. మళ్ళీ వచ్చింది. వేడి చేసిందనీ, ఆవకాయ మానెయ్యమనీ చుట్టాలు చెప్పారు. ఆదివారాలు మేం వీడియోలో మాట్లాడుకునేవాళ్ళం, నేను మామూలుగా "ఎలా ఉంది మామయ్యగారూ?" అనడం, ఆయన "ఏముందండీ, బాగానే ఉంది," అనడం. ఒక ఆదివారం మా ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, "నాన్నగారూ, కాస్త ఫోను దగ్గరికి తీసుకోండి," అంది. గడ్డ ఉన్న చోట కనురెప్ప వెంట్రుకలు లేవు. నేను నెలల తరబడి ఆ తెర మీద నా నుదురు చూసుకున్నాను గాని అది చూడలేదు.

నా పొక్కు పుణ్యమా అని అప్పటికి ఈ గ్రంథుల గురించి కొంత చదివి ఉన్నాను. ఈ గ్రంథుల్లోనే పుట్టే కేన్సరు ఒకటుంది, సెబేషియస్ కార్సినోమా. అది మామూలు కెలేజియన్ వేషం వేసుకుని వస్తుంది. పెద్దవయసువాళ్ళలో ఒకే చోట మళ్ళీ మళ్ళీ రావడం, అక్కడి వెంట్రుకలు రాలిపోవడం దాని గుర్తులు. అమెరికాలో కనురెప్ప కేన్సరంటే చాలావరకు బేసల్ సెల్‌దే, ఇది అరుదు. మన దేశంలో దీని వాటా చాలా ఎక్కువ. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు కూడా దీని మీద పరిశోధనలు ప్రచురించారు. ఇక్కడి పుస్తకాల్లో అరుదు అని రాసి ఉంది కదాని అక్కడి కంటికి ధీమా తెచ్చుకోవడానికి లేదు.

నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. రెండుసార్లు గోకారు కదా, గోకిన ముక్కని పరీక్షకి పంపారా? మా బావమరిది క్లినిక్కుకి వెళ్ళి అడిగి వచ్చాడు. పంపలేదు. రెండుసార్లూ దూదితో పాటు బుట్టలోకి పోయింది.

హైదరాబాదు తీసుకెళ్ళారు. ఈసారి ముక్క ల్యాబుకి వెళ్ళింది. సెబేషియస్ కార్సినోమా అని వచ్చింది. చెవి ముందరా మెడలోనూ గ్రంథులకి పాకలేదని చూసుకుని, గడ్డని చుట్టూ కొంత మంచి భాగంతో సహా తీసి, అంచులు మైక్రోస్కోపులో శుభ్రంగా ఉన్నాయని తేలాక రెప్పని మళ్ళీ కట్టారు. మీ ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు కేన్సరు ఉందా అని కూడా అడిగారట. ఆయన ఆశ్చర్యపోయారు, కంటికీ పేగుకీ ఏమిటని. 1967లో మ్యూర్, 1968లో టోరె అనే ఇద్దరు డాక్టర్లు విడివిడిగా గమనించిన సంగతి ఇది. కణం విడిపోయేటప్పుడు డి.ఎన్.ఎ. నకలులో దొర్లే అచ్చుతప్పుల్ని దిద్దే జన్యువులు కొన్ని ఉంటాయి. కొన్ని కుటుంబాల్లో వాటిలో ఒకటి పుట్టుకతోనే చెడి ఉంటుంది. వాళ్ళకి నూనె గ్రంథుల్లో కణుతులూ, పేగులో కేన్సరూ రెండూ రావచ్చు. అందుకే చర్మం మీద నుంచి తీసిన చిన్న కణితి కూడా ఒక్కోసారి పేగు గురించి కబురు చెబుతుంది, ల్యాబుకి వెళితే. మా వాళ్ళింట్లో అలాంటి చరిత్ర లేదు.

ఏడాదిన్నర అయింది. ఆరు నెలలకోసారి హైదరాబాదు వెళ్ళి చూపించుకుంటున్నారు. కుడి రెప్ప ఎడమదాని కంటే కాస్త కిందికి ఉంటుంది, దాని అంచున వెంట్రుకలు రాలేదు. పేపరు మాత్రం కళ్ళజోడుతో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతున్నారు. మొన్న ఆదివారం వీడియోలో ఫోను దగ్గరికి జరిపి నన్ను తేరిపార చూశారు.

"అల్లుడుగారూ, మీ నుదుటి మీద అవి రెండు కాదండీ, మూడున్నాయి."

మూడోదాన్ని చూపించుకోవడానికి వచ్చే నెల తొమ్మిదో తారీఖుకి అపాయింట్‌మెంటు దొరికింది.